కొసలు మిగిల్చిన ఆడబిడ్డ

మా ఆడబిడ్డ పోయిందని ఆసుపత్రి గేటు బయటి నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే పొయ్యి మీద చాయ్ పెట్టి ఉన్నాను. అది పొంగి పొయ్యంతా పారేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడిపోయాను. కరోనా రెండోసారి సూరత్ మీద పడిన ఎండాకాలం అది. మనిషిని ఇంటికి తేనివ్వలేదు, మొహం చూడనివ్వలేదు. మా అబ్బాయి ఒక్కడే దూరం నుంచి దండం పెట్టి వచ్చాడు.

ఆమె జ్వరంతో పోయింది. ఊపిరి అందక పోయింది. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, కంప్యూటర్‌లో ఆట ఆడి ఆడి పోయిందని మావాళ్లలో చాలామంది చెప్పుకుంటున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. మా మనవరాలు కాలేజీ చదువుతోంది గానీ సూరత్‌లో పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడగలదు, రాయలేదు. కాబట్టి తప్పో ఒప్పో నేనే రాస్తున్నాను. చదివేవాళ్లు ఓపిక పట్టండి.

ఆమె నా పెనిమిటికి చెల్లెలు. భర్త పోయాక మా ఇంటికే వచ్చి ఉండిపోయింది. మా ఆయన కూడా పోయాక ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరమే మిగిలాం. నేను ప్రతిదానికీ భయపడతాను. గ్యాస్ ఆపానో లేదోనని సగం మెట్లు దిగి మళ్లీ పైకెక్కుతాను. మా అబ్బాయి సాంచాల దగ్గరి నుంచి, అంటే మరమగ్గాల దగ్గరి నుంచి, రావడం కొంచెం ఆలస్యమైతే, ఏ బెల్టులోనో చొక్కా చిక్కుకున్నట్టు కళ్లకు కనిపిస్తుంది. ఆమె అట్లా కాదు. మెట్ల కింద నిలబడి నన్ను చూసి నవ్వేది.

"ఇల్లు ఏడికి పోదు వదినె. మెట్లెక్కి మెట్లెక్కి నువ్వే పోయేటట్టున్నవ్."

చివరికి ఎవరు పోయారో చూడండి. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఊరికే కూర్చున్నా బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాస్తూ ఉండేది. పోగులు అతికిన చేతులవి. ఊర్లో చేతిమగ్గాల కాలంలో నేర్చుకున్న పని, ఇక్కడికి వచ్చాక జోల్వాలో సాంచాల మీద కూడా కళ్లు సహకరించినంత కాలం చేసింది. ఆ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని వల్లే జరిగింది. బీమ్ అనే పెద్ద కండెకు చుట్టిన పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాన్ని చివరిదాకా నేయరు. కొంత పడుగు నేయకుండా వదిలేస్తారు. ఆ పాత పోగుల కొసలకు కొత్త బీమ్ పోగుల కొసలను ఒక్కొక్కటే పురిపెట్టి అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకుని, తల ఎత్తకుండా. అన్నీ అతికాక పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంటే దువ్వెన లాంటి అచ్చులోంచి వచ్చేస్తుంది. ఆశపడి చివరిదాకా నేసేశారనుకోండి, అతకడానికి కొసలుండవు. ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి అచ్చులోకి ఎక్కించుకోవాలి. అందుకే ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట. "కొసలు ఉంచుకోవాలె." బియ్యం డబ్బా అడుగుదాకా గీకితే అదే మాట, కొట్లాటలో ఎవరన్నా మరీ చివరిదాకా తిడితే అదే మాట.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు సాంచాలు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా ఆ చప్పుడులో బతికినవాళ్లం, అది ఆగిపోతే చెవులు పోయాయేమో అనిపించింది. చుట్టుపక్కల గదుల వాళ్లు చాలామంది ఊర్లకు వెళ్లిపోయారు. మేము ఉండిపోయాం. మా మనవరాలి క్లాసుల కోసం కొన్న కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఉండేది. క్లాసు అయ్యాక ఆ పిల్ల అందులో ఒక ఆట ఆడేది. కోటలు, మంచుకొండలు, రాక్షసులు ఉన్న ఆట. ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి ఆన్‌లైన్‌లో ఆడతారు. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ, ఆ బొమ్మకు ఒక పని. ఒకరు కత్తి దూస్తారు, ఒకరు వంట చేస్తారు, ఒకరు ఇనుము కొడతారు.

ఒకరోజు మా ఆడబిడ్డ పప్పు ఏరుతూ తల ఎత్తి చూసింది.

"ఏందే గది? మగ్గమా?"

"హా అత్తమ్మా. కపడా బనానేవాలీ బన్ సక్తే." బట్టలు నేసే మనిషిగా ఆడొచ్చు అంది. వాళ్ల నాన్న పిలిచినట్టే ఆ పిల్ల కూడా ఆమెను అత్తమ్మ అనే పిలిచేది.

"గా నాడె ఒక్కదిక్కే పోతున్నదేందే? మళ్ల రాదా? పోయినకాడనే పడి సచ్చిందా?"

"అత్తమ్మా, అది గేమ్."

"గేమ్ అయితే మాత్రం నాడె ఇంటికి రావద్దా?"

అట్లా నాడెను, అదే పోగు మోసుకుని మగ్గంలో అటూ ఇటూ తిరిగేదాన్ని, తిడుతూనే పప్పు చాట పక్కన పెట్టి వెళ్లి కూర్చుంది. మరునాటికి ఆమెకు ఒక బొమ్మ తయారైంది. మా మనవరాలు వయసులో ఉన్న అందమైన మొహం పెట్టబోతే ఒప్పుకోలేదు. తెల్ల వెంట్రుకలు పెట్టించింది, ముక్కు కొంచెం లావు చేయించింది. పని మాత్రం నేతే.

నా భయాలు నాకు మొదలయ్యాయి. ఈ మిషన్‌లోంచి మన ఇంటి మాటలు ఎవరన్నా వింటారేమో, కరెంటు ఎంత కాలుతుందో, ఆమె కళ్లు ఏమవుతాయో. తెర మీద పెద్ద సాలీడు వస్తే నేను వెనక నుంచి ఆమె కొంగు పట్టి లాగేదాన్ని. "జర ఎన్కకు జరుగు పిల్లా, మీదికొస్తున్నది." అరవై దగ్గరికి వచ్చినా ఆమె నాకు పిల్లే. ఆమె నవ్వి, "వదినె, నువ్వు కండ్లు మూస్కో. నేను దాని దారం గుంజుకోని వస్త" అనేది. ఆ ఆటలో పట్టుదారం సాలీళ్ల గుహలోనే దొరికేది మరి.

కలిసి ఆడేవాళ్లు అందులో జట్టు కడతారు, దాన్ని గిల్డ్ అంటారు. ఆమె ఉన్న జట్టుకు పెద్ద కతర్‌గామ్‌లో వజ్రాలకు సాన పట్టే గుజరాతీ యువకుడు. ఆ కార్ఖానా కూడా మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. ఆమెను మాసీ, అంటే పిన్ని, అని పిలిచేవాడు. సాయంత్రం అయ్యేసరికి ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాళ్లందరికీ బట్టలు పంచేది, పంచుతూ తిట్టేది. నిన్న ఇచ్చిన అంగీ అప్పుడే చింపుకున్నావా, నిప్పులోకి ఎవడు దూకమన్నాడు, అని ఆమెకు వచ్చిన హిందీలో. వాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఇల్లంతా మూగబోయిన ఆ రోజుల్లో మా గదిలోనే మనుషుల నవ్వులు వినిపించేవి. ఆ నవ్వుల్ని ఇప్పుడు జబ్బు అంటున్నారు.

ఆటలో ఒక ఊరు ఉంది, ఆ ఊరి బజారులో ఒక ముసలి మగ్గాలాయన ఉంటాడు. అతను మనిషి కాదు, ఆటవాళ్లు పెట్టిన బొమ్మ. అడిగితే పని చెబుతాడు. ఆమెకు ఒక శాలువ నేసే పని చెప్పాడు. దానికి ఎక్కడెక్కడి దారాలో తేవాలి, ఒక్కొక్క ముక్కా నేయాలి. నెలల తరబడి చేసింది. శాలువ అంతా అయి, అంచు ఒక్కటి మిగిలినప్పుడు కొత్త ప్యాక్ కబురు వచ్చింది.

ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అంటారట. పాత ఆటకు కొత్త దేశం ఒకటి కలుపుతారు. కొత్త కోటలు, కొత్త రాక్షసులు, కొత్త పనులు. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇగో వదినె, కొత్త బీమ్ వస్తున్నదట" అంది. ఆ రోజు నుంచి శాలువ అంచు ముట్టలేదు.

కతర్‌గామ్ అబ్బాయి మొత్తుకున్నాడు. అతని గొంతు హెడ్‌ఫోన్‌లోంచి నాకు కూడా వినిపించేది. "మాసీ, పూరా కర్ లో. బాద్ మే కుచ్ నహీ మిలేగా." పూర్తి చేసెయ్, తర్వాత ఏమీ దొరకదు అని. కొత్త ప్యాక్ వచ్చిన రోజు ఆ మగ్గాలాయన బజారులో ఉండడట. అతను ఇచ్చిన పని సగంలో ఉంటే అది బొమ్మ సంచిలోంచి మాయమవుతుందట.

"అరే బేటా, తూ హీరా ఘిస్తా, మై తార్ జోడ్తీ. తార్ కా బాత్ మేరేకో నకో సిఖావ్." వజ్రం పని నీది, దారం పని నాది, నాకు నేర్పకు అని.

మా మనవరాలు కూడా చెప్పి చూసింది. "అత్తమ్మా, వాళ్లు జోడరు. పాతది ఫేక్ దేతే. పారేస్తారు."

"ఎట్ల పారేస్తరే? పాతదాన్ని పట్టుకోకుంట కొత్తది ఎట్లొస్తది? పడుగంత నేసి కూసుంటే రేపు దేనికి అతుకుతరు, నీ జడకా?"

నాకు ఆమె మాటే సబబు అనిపించింది, ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది. తప్పు ఆమెది కాదు. పుట్టినప్పటి నుంచి చూసిన పద్ధతి అది. కొత్తది పెట్టేవాడు పాతదాని కొస పట్టుకుంటాడని నమ్మింది. నేసేవాళ్లెవరైనా అదే నమ్ముతారు. ఆ ప్యాక్ తయారు చేసినవాళ్లకు ఆ మాత్రం బుద్ధి ఎందుకు లేదని నేను అడుగుతున్నాను. ఒక మనిషి నెలల పాటు వేళ్లు నొప్పి పుట్టేలా చేసిన పనిని, కొత్త సరుకు అమ్ముకోవడానికి చెత్తలా ఊడ్చేస్తారా? ఆ మాటే ఇంగ్లీషులో రాసి కంపెనీకి పంపమని మా మనవరాలిని కూర్చోబెట్టాను. అప్పటికే మా ఆడబిడ్డ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. మా ఇంటి మనిషి ఆసుపత్రిలో ఉంది, ఆమె పని కొన్నాళ్లు ఉంచండి అని రాయించాను.

ఆసుపత్రి నుంచి ఆమె ఒక్కసారే మాట్లాడింది. ఎవరో నర్సమ్మ ఫోన్ పట్టుకుంది. తిన్నావా అని నేను అడిగాను. ఆమె ఊపిరి ఎగపోసుకుంటూ, "నా శాలువ జోలికి ఎవలు పోవద్దు. కొసలు గట్లనే ఉండాలె. నేనచ్చి సూస్కుంట" అంది. ఆ తర్వాత చెప్పిన ఇంకేదో నాకు అందలేదు.

ఆమె పోయాక వచ్చింది కంపెనీ జవాబు. మా మనవరాలు చదివి కంప్యూటర్ మూసేయబోయింది. బలవంతం చేస్తే చెప్పింది. మీ ఉత్సాహానికి సంతోషం, కొత్త దేశంలో కలుద్దాం అని ఉందట. ఇది మనిషి రాసిందా, మిషన్ రాసిందా అని అడిగాను. మిషనే అయి ఉంటుందని చెప్పింది. అయితే ఆ మిషన్‌ను పెట్టినవాడికి ఇంట్లో చావులు లేవా అని అడిగాను.

దినాలకు ఎవరూ రాలేదు. రావొద్దు కూడా, ఆ రోజులు అట్లాంటివి, దానికి నేను ఎవరినీ అనను. కానీ రానివాళ్లు ఫోన్లలో ఊరుకోవాలి కదా. మా కులసంఘం పెద్దమనిషి ఒకాయన, నాకు వరసకు అన్న, ఫోన్ చేసి పరామర్శ రెండు ముక్కల్లో ముగించాడు.

"ఏం జేస్తవ్ చెల్లె. ఆ వయసుల పిల్లలాట పెట్టుకున్నది. పొద్దందాక ఆడి ఆడి పాణం మీదికి తెచ్చుకున్నది. మీరన్న చెప్పద్దా?"

నేను జన్మలో పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడినదాన్ని కాదు. ఆ రోజు మాట్లాడాను.

"అన్నా, లాక్‌డౌన్‌ల మీరు సంఘం గదికి తలుపేసుకోని పత్తలాట ఆడిన్రు. మూతికి గుడ్డ లేకుంట. మీ పాణాలకు ఏం కాలేదు గద. ఆమె మా ఇంట్ల కూసోని బట్ట నేసింది, గంతే."

"కంప్యూటర్ల బట్ట నేసుడేంది?"

"మీకు ఎర్క లేదు గదా. ఎర్క లేనిదాని గురించి నలుగురికి చెప్పకున్రి."

ఫోన్ పెట్టేశాక, ఇకపై మా అబ్బాయికి సంఘంలో ఏం మాటలు పడతాయోనని భయపడుతూ ఆ పూటంతా కూర్చున్నాను. అయినా నేను ఆడిన మాటకు బాధపడలేదు.

ప్యాక్ వచ్చే రోజు దగ్గరపడింది. మా మనవరాలు కంప్యూటర్ తెరిచింది. అంచు లేని శాలువ ఆమె బొమ్మ సంచిలో అట్లాగే ఉంది. పూర్తి చేద్దాం అన్నాను నేను. అంతకు ముందు పూర్తి చెయ్యమని అత్తమ్మతో కొట్లాడిన ఆ పిల్లే ఇప్పుడు ఒప్పుకోలేదు.

"నానమ్మా, అత్తమ్మ ముట్టొద్దు అని చెప్పింది. ఆఖ్రీ బాత్ అదే. నేను ముట్ట."

"బతికొస్త అన్నప్పటి మాట గది."

"మాట మాటనే కదా నానమ్మా."

అప్పుడు ఆ పిల్లకు మా ఇంటి పద్ధతి చెప్పాను. మగ్గం మీద పడుగు ఉండగా నేసే మనిషి పోతే ఆ పడుగును కోయరు. ఇంటి మనిషి ఎవరో ఒకరు కూర్చుని దాన్ని నేసి దించుతారు. పరాయి చెయ్యి పడకూడదు. మా మామగారు పోయినప్పుడు ఇంట్లో మగవాళ్లు కోసేద్దాం అన్నారు. ఆడపిల్ల మగ్గం ఎక్కడమేమిటని కూడా అన్నారు. ఈమే ఎవరి మాటా వినకుండా ఏడుస్తూ తండ్రి మగ్గం ఎక్కి ఆ పడుగు నేసింది. మరి ఈమె పడుగును ఎవరో కంపెనీవాళ్లు కోసుకుపోతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? కొసలు ఉంచమన్నది అతికేవాళ్లు ఉంటారని. అతికేవాళ్లే లేనప్పుడు కొసలు ఎవరి కోసం?

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

అంచుకు కావాల్సిన దారం సాలీళ్ల గుహ చివర ఉంది. మళ్లీ కార్ఖానాకు పోతున్న కతర్‌గామ్ అబ్బాయి మధ్యాహ్నం అన్నం వేళకు ఫోన్‌లోంచే ఆటలోకి వచ్చి జట్టు వాళ్లందరినీ పిలిచాడు. ఆమె నేసిన అంగీలే వేసుకుని వచ్చారు అందరూ. మా మనవరాలు ఆమె బొమ్మను నడిపింది, వాళ్లు చుట్టూ నిలబడి సాలీళ్లను కొట్టారు. నేను కుర్చీ వెనక నిలబడి దేవుళ్లందరికీ మొక్కాను. దారం దొరికింది. బజారుకు తిరిగి వచ్చి ఆ బొమ్మను మగ్గం ముందు నిలబెట్టాక, మా మనవరాలు లేచి నన్ను కూర్చోమంది. ఇంటి మనిషి చెయ్యి అన్నావు కదా అంది.

నా వేలు ఏ మీట మీద పెట్టాలో చూపించింది. పక్క మీట పడితే అంతా పోతుందేమోనని నా చెయ్యి ముందుకు పోదు. హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది. "దబావో దాదీ, దబావో" అని, నొక్కు నానమ్మా అని, కతర్‌గామ్ అబ్బాయి అంటున్నాడు.

"ఆగు నాయనా. తొందర పెట్టకు. గిదేనా?"

"హా దాదీ, వహీ."

నొక్కాను. ఆమె బొమ్మ వంగింది, నాడె ఒక్కదిక్కే పోయింది. శాలువ అయ్యింది. నేరేడుపండు రంగు, అంచు వెండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే ఏమిటని అడిగాను. నేసిన వాళ్ల పేరు అంది మా మనవరాలు. ఆమె పేరే పడింది. నొక్కింది నేను, పేరు ఆమెది. ఇన్ని రోజుల్లో నాకు న్యాయంగా కనిపించింది అదొక్కటే. హెడ్‌ఫోన్‌లో ఆ అబ్బాయి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ప్యాక్ తెరిచిన రోజు మా మనవరాలు నన్ను పిలిచి చూపించింది. బజారులో మనుషులంతా కొత్త దేశం ద్వారం వైపు ఉరుకుతున్నారు. మాసీని కూడా తీసుకురమ్మని కతర్‌గామ్ అబ్బాయి అడిగాడు. నేను వద్దన్నాను. పాతదాన్ని లెక్కచేయనివాళ్ల దేశానికి మా ఆడబిడ్డ రాదు అన్నాను. అతను "ఠీక్ హై దాదీ" అని వెళ్లిపోయాడు. ముసలి మగ్గాలాయన నిజంగానే లేడు. అతను కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆమెను అక్కడే నిలబెట్టమన్నాను. శాలువ కప్పించమన్నాను.

బజారు ఖాళీ అయిపోయింది. తెల్ల వెంట్రుకలు, లావు ముక్కు, భుజాల మీద శాలువ, ఆమె ఒక్కతే. చాలాసేపు కదలకపోతే ఆట బయటికి పంపేస్తుందట, అందుకని నేను భయంతో మధ్యమధ్యలో ఒక మీట నొక్కుతూ ఉన్నాను. నొక్కినప్పుడల్లా ఒక అడుగు కదిలి నిలబడేది. అంతలో కొత్తగా ఆటలో చేరినవాళ్లెవరో ఒక బొమ్మ వచ్చింది. ఒంటి మీద ఉత్త గోనెబట్ట, చేతిలో కర్ర. బజారంతా వెతుక్కుని, చివరికి ఆమె ముందుకు వచ్చి ఆగింది.

"ఏం గావాల్నట?" అని అడిగాను.

"ఆమెనే పని ఇచ్చే బొమ్మ అనుకుంటున్నరు నానమ్మా. నేత పని అడుగుతున్నరు" అంది మా మనవరాలు.

ఆ గోనెబట్ట మనిషి పోలేదు. ఆమె ముందు తల కొంచెం వంచి, ఏం పని చెబుతుందోనని అట్లాగే నిలబడి ఉంది.